పదమూడుకి సున్నా

ఆ ఏడాది మే ఒకటో తేదీ ఉదయం నా చేతిలో ఉన్నవి ఇవీ: ఏడు పడవలు, వాటిలో రెండు నీళ్ళు తాగేవి, పార్కు చివర రేవులో ఒక చెక్క గది, నాలుగు బుట్టల మ్యుగే పూలు, ఇరవై తొమ్మిదేళ్ళ వయసు, ఎవరికీ దొరకని గడుసువాడన్న పేరు. పెళ్ళి ఊసు లేదు. దాని అవసరం ఒకటుందని కూడా అప్పటికి నాకు తట్టలేదు.

మా ఊరు వెర్నెలీ, పారిస్ నుంచి రైల్లో అరగంట. ఆదివారమైతే పారిస్ వాళ్ళు గుంపులుగా దిగుతారు. కొందరు పాత నీటికాలువ కమానుల కింద నడుస్తారు. కొందరు మార్న్ నది గట్టున సైకిళ్ళు తొక్కుతారు. కాళ్ళు నొప్పి పుట్టినవాళ్ళు నా దగ్గరికొచ్చి పడవ అడుగుతారు. మనుషుల కాళ్ళనొప్పి మీద బతికేవాణ్ణి నేను.

మే ఒకటిన మాలో ప్రతివాళ్ళూ తమకు కావలసినవాళ్ళకు మ్యుగే రెమ్మ ఒకటి ఇస్తారు. తెల్లగా, చిన్న చిన్న గంటల్లా వేలాడే పూలు. ఆ ఒక్కరోజు ఎవరైనా సరే వీధిలో నిలబడి వాటిని అమ్ముకోవచ్చు, లైసెన్సు అడిగేవాడుండడు. ఒకటే షరతు. పూలకొట్టుకు వంద మీటర్ల లోపల వీధిలోగానీ, కాలిబాట మీదగానీ అమ్మకూడదని మా పురపాలక సంఘం ఏటా గోడకు కాగితం అంటిస్తుంది.

ఆ కాగితాన్ని నేను మూడుసార్లు చదివాను. వీధి అని ఉంది. కాలిబాట అని ఉంది. నీళ్ళ మాట ఎక్కడా లేదు.

ఊళ్ళో పూలకొట్టు ఒకటే, బ్రియార్ గారిది. నది గట్టు వీధిలో, మెట్లరేవుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. నేను తెల్లవారుతూనే నా పెద్ద పడవను ఆ మెట్లకు కట్టేసి, బుట్టలు వరసగా పేర్చి కూర్చున్నాను. కొట్టు గుమ్మానికీ నాకూ మధ్య ఒక రోడ్డు, పదిహేను మెట్లు. పూలు కొనాలని వచ్చినవాళ్ళు కొట్టు వైపు ఒకసారి చూసి, పడవ వైపు చూసి, నవ్వుకుంటూ మెట్లు దిగసాగారు. పడవలో పూలమ్మడం వాళ్ళెప్పుడూ చూసి ఉండలేదు.

ఎనిమిదిన్నరకు కొట్టులోంచి ఒక అమ్మాయి వచ్చింది. మోచేతుల దాకా చేతులు మడిచిన నీలం గౌను, వేళ్ళ నిండా ఆకుపసరు. తలొంచుకుని అడుగులో అడుగు ఆనించి వేస్తూ నా దాకా నడిచింది.

"ఎనభై నాలుగు," అంది.

"ఏమిటండీ?"

"మా గుమ్మం నుంచి ఇక్కడికి నా అడుగులు. అన్నీ కలిపినా పాతిక మీటర్లు లేదు. వంద ఉండాలని మీకు తెలీదా?"

"వంద మీటర్లు వీధిలో అమ్మేవాళ్ళకండీ. నేను వీధిలో లేను, కాలిబాట మీదా లేను. నీళ్ళ మీదున్నాను."

ఆమె నన్నూ పడవనూ ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పూలు చూస్తానంది. రమ్మన్నాను, బేరం ఎవరిదైనా బేరమే కదా. పడవలోకి దిగి ఒక రెమ్మ ఎత్తి వాసన చూసి, మొన్న కోసినవా అని అడిగింది. నిన్న అని చెప్పాను. మొన్నవేనని తేల్చేసింది. ఆ మాట నిజమే. ఆమె వెనక్కి తిరిగి, తాడు ముడి ఒక్క గుంజుతో విప్పి, మెట్టును కాలితో గట్టిగా తన్నింది.

పడవ వాలులో సాగిపోయింది. మెట్ల మీద కొనడానికి నిలబడ్డవాళ్ళు నోళ్ళు తెరిచారు.

"ఏం చేస్తున్నారండీ?"

"కూర్చోండి. వంద మీటర్లు దాటాక చెప్తాను."

ఏరు మలుపు తిరిగి పాత పిండిమర దగ్గరికి వచ్చాం. అక్కడ గట్టు మీదికి తేలిగ్గా దూకి, గౌను దులుపుకుని, ఇప్పుడు ఎంతకైనా అమ్ముకోండి అని చెప్పి వెళ్ళిపోయింది. పేరు అడిగాను. సొలెన్ బ్రియార్ అంది, వెనక్కి తిరక్కుండా.

నేనేం చేశానని అడిగితే దాచను. ఎదురు వాలులో తెడ్డు వేసుకుంటూ వెనక్కి వచ్చి అదే మెట్టుకు పడవ కట్టేశాను. వ్యాపారం వ్యాపారమే. మధ్యాహ్నానికి నాలుగు బుట్టలూ ఖాళీ అయ్యాయి. పదకొండింటికే బ్రియార్ గారు కొట్టు తలుపు దించేసుకున్నారు. ఊరంతా ఆ తలుపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ పూట చిల్లర మూడుసార్లు తప్పు లెక్కపెట్టి ఇచ్చానని కూడా చెప్పాలి. నాకది అంతకుముందెన్నడూ జరగలేదు.

*

పార్కులో బ్యాండు వాయించే గుండ్రటి మండపం ఒకటుంది. దాని చుట్టూ పూలతొట్లు వేసే పని బ్రియార్ గారి కొట్టుది. అంటే వారానికి మూడుసార్లు సొలెన్ నా చెక్కగదికి ఇరవై గజాల దూరంలో మట్టి పిసుకుతూ కూర్చునేది. మొదటివారం నా వైపు చూడలేదు. రెండోవారం నీళ్ళ బకెట్ కావాలని అడిగింది. మూడోవారం నా పడవల రంగులు చూసి, ఇవి పడవలా మిఠాయి డబ్బాలా అని అడిగింది. మిఠాయి డబ్బాలైతే తమరు ముడి విప్పి ఏట్లోకి తన్నేవారు కారు అన్నాను. మట్టి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముక్కు మీద మట్టి అంటింది. నేను చెప్పలేదు. సాయంత్రం దాకా అలాగే ఉంది.

వాన పడితే పడవలెవరూ అడగరు, అది నాకు సెలవు. అలాంటి రోజు ఆమె గుత్తులకు కావలసిన ఫెర్న్ ఆకులూ ఐవీ తీగలూ కోసుకోవడానికి కమానుల వైపు వెళ్ళేది. ఒకసారి బుట్ట బరువుగా ఉందని మోశాను. రెండోసారి ఖాళీ బుట్టే మోశాను.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం ఆ కమానుల కింద ఉండగా వాన ఒక్కసారి జోరందుకుంది. రాతి అంచు నుంచి నీళ్ళు పూసల తెరలా దిగుతున్నాయి. ఆ తెర వెనక మేమిద్దరం, మధ్యలో బుట్ట.

"ఆన్సెల్మ్ గారూ, ఊరంతా మీరు లాభం లేనిదే వేలు కదపరంటారు. ఈ బుట్ట మోస్తే మీకేం లాభం?"

"ఇంకా తేలలేదండీ."

"తేలాక చెప్పండి."

"తేలింది. ఇప్పుడే."

"సరే. చెప్పు."

ఆ 'చెప్పు' నేను గమనించాను. అంతదాకా మేమిద్దరం ఒకరికొకరం 'మీరు'లమే.

"వాన నాకు నష్టం," అన్నాను. "ఆ రోజు పడవలు కదలవు. అయినా నెలరోజుల నుంచి పొద్దున లేస్తూనే మబ్బుందా అని చూస్తున్నాను."

 ఆమె తనకూ ఇష్టమేనని సూటిగా చెప్పింది. దాచుకోవడం తనకు రాదంది. కానీ నాన్న సంగతి చెప్పాలంది.

"అమ్మ పోయాక ఆయనకు మిగిలినవి మూడే. ఆ కొట్టు, గుండ్లాట, ఊళ్ళో మర్యాద. నువ్వు మూడోదాన్ని కాలితో తన్నావు. పూలు అమ్ముడుపోలేదని కాదు ఆయన తలుపు దించింది. జనం నవ్వుతున్నారని."

"నేను వెళ్ళి మాట్లాడతాను."

"మాట్లాడు. పొదల చాటున కలుసుకోవడం నా వల్ల కాదు. నువ్వు మా గడప దాటి వచ్చి ఆయన బల్ల దగ్గర కూర్చోవాలి. సెప్టెంబరులో నేను ఆన్జే వెళ్తున్నాను, తోటపని బడికి. రెండేళ్ళు. మా గడప దాటని మనిషికి నేను ఉత్తరాలు రాయను."

గడువూ షరతూ రెండూ తేటగా ఉన్నాయి. ఒప్పందాలన్నీ అలా ఉంటే ఎంత బాగుండునో.

*

వెళ్ళాను. మొదటిసారి మంచి వైన్ సీసా ఒకటి పట్టుకెళ్ళాను. బ్రియార్ గారు ఆరడుగుల మనిషి. సీసాను చూసి, నన్ను చూసి, కొట్టు మూసే వేళయిందన్నారు. పొద్దున పదిగంటలైంది. రెండోసారి వట్టి చేతులతో వెళ్ళాను. నేను రోడ్డు దాటకముందే తలుపు దిగింది. ఆ పడవవాడు ఈ గడప తొక్కడని ఆయన కూతురితో అన్నారట. ఆయన మాట ఇస్తే వెనక్కి తీసుకోరని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఈ సంగతి ముసలి గుస్తావ్‌కు చెప్పుకున్నాను. పార్కులో ప్లాటాన్ చెట్ల కింద గుండ్లాట స్థలం ఉంది. దాని తాళాలూ, అక్కడి గుడిసే, ఆ గుడిసెలోని ఫానీ, అన్నీ గుస్తావ్ అధీనంలో ఉంటాయి.

ఫానీ అంటే చెక్క మీద గీసిన బొమ్మ. లావుపాటి ఆడమనిషి లంగా పైకెత్తి, వెనక్కి తిరిగి నిలబడి ఉంటుంది. గుండ్లాటలో నేల మీది చిన్న చెక్కగోలీకి ఎవరి ఇనప గుండు దగ్గరగా ఆగితే పాయింటు వాళ్ళది, పదమూడు పాయింట్లు వచ్చిన జట్టు గెలుస్తుంది. ఎదుటివాళ్ళకు పదమూడు వచ్చేసరికి ఒక్కటీ రానివాళ్ళు, అంటే పదమూడుకి సున్నాతో ఓడినవాళ్ళు, జనమంతా చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఫానీని ముద్దు పెట్టుకోవాలి. ముద్దు ముఖానికి కాదని వేరే చెప్పక్కర్లేదు. గుస్తావ్ గంట కొట్టి తెర లాగుతాడు. ఈ శిక్ష దేశమంతటా ఉన్నదే. కానీ మా ఊళ్ళో దానికి తోకలా ఇంకో నియమం ఉంది. ఫానీని ముద్దు పెట్టుకున్నవాడి మీద అక్కడ ఆడేవాళ్ళెవరూ పాత కోపం ఉంచుకోకూడదు. అంత నవ్వులపాలైనవాణ్ణి ఇంకా శిక్షించడం అన్యాయమని పెద్దవాళ్ళు ఎప్పుడో పెట్టారు. గెలిచినవాడే ముందుగా చెయ్యి ఇవ్వాలి.

"బ్రియార్ ఆ నియమం తప్పడు," అన్నాడు గుస్తావ్. "వాళ్ళ నాన్న పెట్టిందే అది."

నాకు లోపల దీపం వెలిగినట్టయింది. జూలై పద్నాలుగున జాతీయ పండుగ రోజు పెద్ద పోటీ జరుగుతుంది. అందులో బ్రియార్ గారి చేతిలో ఓడాలి. పదమూడుకి రెండో మూడో వస్తే వట్టి ఓటమి, దానివల్ల ఒరిగేదేమీ లేదు. సున్నా అయితే క్షమాపణ. అందరూ పాయింట్లకోసం ఆడతారు, నేను సున్నాకోసం ఆడతాను. ఇంత చవగ్గా ఇంత పెద్ద సరుకు దొరకడం నేనెక్కడా చూడలేదు.

ఓడటానికి కూడా ఆట కొంచెం రావాలి. మరీ చేతకాకపోతే నటన బయటపడుతుంది. అందుకని నెలరోజులు పొద్దునపూట నా రేవు పక్కన మట్టిలో ముసలివాళ్ళతో ఆడాను. నాకే ఆశ్చర్యం వేసింది. గుండును బలంగా కొట్టడం నాకు రాదు. కానీ దాన్ని మెల్లగా తీసుకెళ్ళి ఆ చెక్కగోలీ పక్కన ఆపడం వస్తుంది. పడవను రేవుకు చేర్చడం లాంటిదే అది. తెడ్డు ముందే ఆపేసి, మిగతా దూరం పడవనే రానివ్వాలి.

ఆ పోటీలో చీట్లు తీసి జతలు కలుపుతారు. మొదటి ఆటలోనే బ్రియార్ గారు నాకు ఎదురు తగిలేలా చూడమని గుస్తావ్‌ను అడిగాను. వేసవంతా చేపలు పట్టుకోవడానికి పడవ ఇస్తానన్నాను. గుస్తావ్ గాల్లోకి చూస్తూ, తన చేతికి ఏ చీటీ తగిలితే అదే వస్తుందనీ, చెయ్యి మాత్రం తనదేననీ అన్నాడు.

ఎదుటివాడెవరో కుదుర్చుకున్నాను. నా పక్కన ఎవరుంటారో అడగడం మరిచాను.

*

జూలై పద్నాలుగు మధ్యాహ్నం చెట్ల కింద ఊరంతా ఉంది. మండపంలో బ్యాండు వాయిస్తోంది, సాసేజీలు కాల్చే పొగ ఆకుల్లోకి పాకుతోంది. గుస్తావ్ చీట్లు చదివాడు. ఒకవైపు బ్రియార్ గారూ, రొట్టెల కొట్టు మదాం పెల్తియే. రెండోవైపు నేను, సొలెన్.

సొలెన్ తన మూడు గుండ్లనూ గుడ్డతో తుడుస్తూ నా దగ్గరికి వచ్చింది. ఆమెకు ఆరేళ్ళప్పటి నుంచి ఆ స్థలంలోనే ఆట. దూరం నుంచి ఎదుటివాళ్ళ గుండును కొట్టి లేపేయడంలో తండ్రి తర్వాత ఆమే.

"నువ్వు దగ్గరికి చేర్చు. నేను కొడతాను," అంది. కళ్ళు మెరుస్తున్నాయి. "నాన్నను ఈ స్థలంలో ఓడించాలని నాకు పదేళ్ళ నుంచి కోరిక."



అయినా వేసిన పథకం మార్చడం నాకు అలవాటు లేదు. మొదటి గుండును గోలీకి మీటరు అవతల ఆపాను. రెండోదాన్ని చెట్టు వేరు మీదికి పంపాను. సొలెన్ కొట్టి కొట్టి ఎదుటివాళ్ళ గుండ్లు లేపేస్తోంది. కానీ దగ్గరగా నిలిచిన గుండు మాకొకటి ఉండాలి కదా. మూడు, సున్నా. ఐదు, సున్నా. తొమ్మిది, సున్నా. జనం చుట్టూ మూగడం మొదలుపెట్టారు. ఎవరో గంట తెమ్మన్నారు. గుస్తావ్ గుడిసెలోకి వెళ్ళి గంట తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. బ్రియార్ గారు మాత్రం నవ్వడం లేదు. నా ప్రతి గుండునూ అది ఆగేదాకా చూసి, తర్వాత నన్ను చూస్తున్నారు.

స్కోరు పదకొండు, సున్నా అయ్యాక మదాం పెల్తియే దాహమని కాసేపు ఆపమంది. సొలెన్ నన్ను చెయ్యి పట్టుకుని చెట్టు వెనక్కి లాక్కెళ్ళింది.

"నిన్న పొద్దున నీ రేవు దగ్గరకు వచ్చాను. నువ్వు చూడలేదు. పది గుండ్లేస్తే ఎనిమిది గోలీకి జానెడు లోపల ఆపావు. ఇవాళ ఒక్కటీ మీటరు లోపలికి రాదేం?"

ఇక దాచి లాభం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. సున్నా, ఫానీ, వాళ్ళ తాతగారి నియమం, చెయ్యి కలపడం, గడప దాటడం. చెబుతుంటే అది ఎంత చక్కటి ఏర్పాటో నాకే మళ్ళీ ముచ్చటేసింది. ఆమె ముఖం చూశాక ఆ ముచ్చట పోయింది.

"జట్టు ఓడితే ముద్దు ఇద్దరూ పెట్టాలి. అది తెలుసా?"

తెలుసు. తెలిసీ అటువైపు చూడలేదు.

"నా ఊరు. నేను ఆరేళ్ళప్పటి నుంచి ఆడిన స్థలం. ఇంతమంది ముందు నేను మోకాళ్ళ మీద కూర్చోవాలి, నీ పథకం కోసం. మే ఒకటిన నాన్న నవ్వులపాలయ్యాడు. ఇవాళ నా వంతు. ఇన్ని లెక్కలు వేశావు, ఆన్సెల్మ్, ప్రతిసారీ అందులో ఒక మనిషి తప్పిపోతూనే ఉంటారు."

నేను గుస్తావ్ ఒళ్ళోని గంట వైపు చూశాను. 

"నియమం కొద్దీ ఆయన నీకు చెయ్యి ఇవ్వడం నాకొద్దు," అంది ఇంకాస్త నెమ్మదిగా. "ఇష్టమై ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇవ్వకపోనీ. నువ్వు మాత్రం ఆడు. నాతో ఆడు."

ఆమె వెళ్ళి, గుండ్లు వేసేచోట గీసిన వలయం దగ్గర నిలబడింది. నేను తిన్నగా బ్రియార్ గారి దగ్గరికి నడిచాను. ఆయన గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. చుట్టూ ఇరవైమంది ఉన్నారు. వాళ్ళు వినకుండా చెప్పే వీలు లేదు, వినకూడదనీ నేననుకోలేదు.

"బ్రియార్ గారూ, మే ఒకటిన నేను చేసింది తప్పు. కాగితంలో నీళ్ళ మాట లేదు నిజమే, కానీ అది ఎందుకు రాశారో నాకు తెలుసు. తెలిసే చేశాను. ఇవాళ కూడా కావాలనే ఓడుతున్నాను, మీరు చెయ్యి ఇవ్వక తప్పదని. ఇక అలా ఆడను."

ఆయన గ్లాసు చివరిదాకా తాగారు.

"ఆట మధ్యలో నాకు ఇవేవీ వినబడవు," అన్నారు. "నీ గుండ్లు తీసుకో."

*

ఆ తర్వాత వేసిన మొదటి గుండు గోలీకి బెత్తెడు దూరంలో ఆగింది. బ్రియార్ గారు దాన్ని కొట్టబోయారు, తప్పింది. మాకు రెండు పాయింట్లు వచ్చాయి. జనం ఉసూరుమన్నారు. ఫానీ చూడాలని ఎండలో గంటసేపు నిలబడ్డవాళ్ళు మరి. గుస్తావ్ గంటను ఒళ్ళోంచి తీసి బెంచీ కింద పెట్టాడు.

అక్కడి నుంచి అది వేరే ఆట. నేను గుండు దగ్గరికి చేర్చడం, వాళ్ళు దాన్ని లేపాలని చూడటం, వాళ్ళది దగ్గరకొస్తే సొలెన్ ఒక్క దెబ్బతో ఎగరగొట్టడం. ఇనుము ఇనుముకు తగిలిన ప్రతిసారీ జనం ఒక అడుగు ముందుకు జరిగారు. ఐదు. ఏడు. వాళ్ళకొకటి వచ్చి పన్నెండైంది. మాకు పది. బ్యాండువాళ్ళు కూడా వాయించడం ఆపి ఇటొచ్చారు. ఒకాయన బాకా చంకలో పెట్టుకునే నిలబడ్డాడు. సొలెన్ నాతో మాట్లాడటం మానేసి చూపులతోనే చెబుతోంది, ఎడమకు, కొంచెం చిన్నగా, అక్కడ గులకరాయి ఉంది చూసుకో. నాకు అన్నీ అర్థమవుతున్నాయి. ఇరవై తొమ్మిదేళ్ళలో నేనెవరితోనూ అంత హాయిగా మాట్లాడలేదు.

పన్నెండు, పన్నెండు.

ఆఖరి విడత. నా గుండు ఒకటి గోలీ పక్కనే ఉంది. మిగతావన్నీ అయిపోయాయి, బ్రియార్ గారి చేతిలో ఒకటి, నా చేతిలో ఒకటి మిగిలాయి. ఆయన వలయంలో నిలబడి, చెయ్యి వెనక్కి ఊపి వదిలారు. గుండు గాల్లోంచి వచ్చి నా గుండు నెత్తిన పడింది. నాది ఎగిరి చెట్టు మొదట్లో పడింది, ఆయనది సరిగ్గా దాని చోటే కూర్చుంది. అలాంటి దెబ్బ ఏడాదికొకసారి చూస్తాం. నేను కూడా చప్పట్లు కొట్టాను, కొట్టకుండా ఉండలేకపోయాను.

ఆయన గుండు గోలీకి నాలుగు వేళ్ళ దూరం. నేను దానికంటే దగ్గరికి వెళ్ళాలి.

"ఏం ఆలోచించకు," అంది సొలెన్. "రేవుకు రా."

తెడ్డు ఆపినట్టు ముందే ఆపాను. గుండు నేల తాకి, మెల్లగా, చాలా మెల్లగా దొర్లింది. గులకరాయి పక్కనుంచి తప్పుకుంది. ఆయన గుండును రాసుకుంటూ పోయి, గోలీకి అవతలివైపు ఆగింది.

ఎవరిది దగ్గరో నిలబడి చూస్తే తేలలేదు. మదాం పెల్తియే తమదే అంది. వెనకనుంచి ఎవరో మాదే అన్నారు. కొలవడానికి గుస్తావ్ లేవబోతుంటే బ్రియార్ గారు చెయ్యెత్తి ఆపారు. జేబులోంచి కొలత టేపు తీసి, ఆరడుగుల మనిషి నెమ్మదిగా మోకాళ్ళ మీద వంగారు. తన గుండుకు కొలిచారు. నా గుండుకు కొలిచారు. మళ్ళీ మొదటినుంచీ కొలిచారు.  ఆయన ఏ మాట చెప్పినా అదే చెల్లేది. చెల్లుతుందని అక్కడున్న అందరికీ తెలుసు.

"వాళ్ళది," అన్నారు. "గోరంత తేడా."

ఆ అరుపులకు చెట్ల మీది పావురాలు లేచిపోయాయి. సొలెన్ నా మెడ చుట్టూ చేతులు వేసి, తండ్రి ముందే, ఊరి ముందే, బుగ్గ మీద కాదు, తిన్నగా పెదవుల మీద ముద్దు పెట్టింది. బాకా ఆయనకు ఏం తోచిందో చంకలోంచి తీసి గట్టిగా ఊదాడు.

బ్రియార్ గారు ప్యాంటు మోకాళ్ళు దులుపుకుని లేచారు. ఇప్పుడాయన నాకు చెయ్యి ఇవ్వాలన్న నియమమేదీ లేదు. ఓడింది ఆయన. చెయ్యి ఇచ్చారు. పూలబకెట్లు మోసి మోసి కాయలు కాసిన చెయ్యి.

"మొదటి పదకొండు నువ్వు ఊరికే ఇచ్చావు," అన్నారు. "అవి తీసేస్తే నాకు వచ్చింది ఒక్కటే. దానికి ఇంకా కోపంగా ఉంది. వచ్చే ఏడు మళ్ళీ ఆడాలి, మొదటి నుంచీ."

"ఆడతానండీ."

"ఆదివారం ఒంటిగంటకు భోజనానికి రా. ఒంటిగంటంటే ఒంటిగంట, కోడి ఎండిపోతుంది. గడప దగ్గర కాళ్ళు తుడుచుకో."

తర్వాతి ఆటలో ఇద్దరు పోస్టుమెన్ల చేతిలో పదమూడుకి నాలుగుతో చిత్తుగా ఓడిపోయాం. నాకు గుండు వైపు చూపు నిలవలేదు. సొలెన్‌కు కూడా నిలవలేదేమో, తను కొట్టినవి రెండు నా కాళ్ళ దగ్గర పడ్డాయి.

ఇక మొత్తం మీద తేలిన సంగతి ఇది. పోయినవి: ఒక పండుగ రోజు పడవల రాబడి, గుస్తావ్‌కు ఒప్పుకున్న వేసవంతా ఒక పడవ, ఎన్నడూ తప్పని పథకం ఒకటి. వచ్చినవి: పోటీలో పదమూడు పాయింట్లు, అందులో నేను నిజంగా ఆడి తెచ్చినవే అన్నీ, ఆన్జే నుంచి రెండేళ్ళలో నూట ఎనభై ఆరు ఉత్తరాలు, ఒక్కటీ రెండు పేజీలకు తగ్గనివి, మూడో ఏడు జూన్‌లో పార్కు మండపంలో పెళ్ళి, బ్యాండుతో సహా, పూలన్నీ పెళ్ళికూతురు తండ్రివి, ఆదివారం ఒంటిగంటకు బ్రియార్ గారి బల్ల దగ్గర, ఆయనకు ఎదురుగా, కిటికీ పక్కన ఒక కుర్చీ. ఆ కుర్చీలో ఇంకెవరినీ కూర్చోనివ్వరాయన.